యంత్రం తీర్పు చెబితే మన మొర వినేదెవరు?

(బరంపురంలో తెలుగు సంఘాల యువతీ యువకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మన యూత్‌లో నలుగురు ఒక సినిమా చూసి వచ్చి, "అయ్యగారూ, ఇది మీరు తప్పకుండా చూడాలి" అన్నారు. పాస్టర్‌ని సినిమా చూడమని చెప్పే ధైర్యం మీ తరానికే ఉంది. మా రోజుల్లో సినిమా హాలు దగ్గర కనబడితే చాలు, మర్నాడు ఆదివారం ప్రసంగంలో మన పేరు రాకపోయినా మన సంగతి వచ్చేసేది. సరే, నేను కూడా చూశాను. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను. అయితే సినిమా బాగుందా లేదా అని చెప్పడానికి రాలేదు. అది మీకే బాగా తెలుసు.

సినిమా పేరు 'మెర్సీ'. ఈ ఏడాది జనవరిలో విడుదలైంది. తిమూర్ బెక్మాంబెతోవ్ దర్శకుడు. కథ 2029లో, అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో జరుగుతుంది. అక్కడ కొత్త రకం కోర్టు పెట్టారు. జడ్జి మనిషి కాదు, కృత్రిమ మేధ. మనం ఏఐ అంటున్నామే, అది. లాయరు లేడు, జూరీ లేదు, అప్పీలు లేదు. ముద్దాయిని కుర్చీకి కట్టేస్తారు. తొంభై నిమిషాలు టైమిస్తారు. ఆ లోపల తాను నేరం చెయ్యలేదని నిరూపించుకోవాలి. నిరూపించుకోలేకపోతే ఆ కుర్చీలోనే ప్రాణం పోతుంది. ఆ కుర్చీలో కళ్లు తెరిచినవాడు ఒక పోలీసు డిటెక్టివ్. భార్యను చంపాడని అతని మీద అభియోగం. ఈ కోర్టు రావాలని ముందు నిలబడి వాదించినవాడు కూడా అతనే. చివర ఏమవుతుందో నేను చెప్పను, చూడనివాళ్లు నన్ను తిట్టుకుంటారు.

ఆ కోర్టుకి కరుణ అని పేరు పెట్టారు. కరుణ తప్ప అన్నీ ఉన్నాయి అందులో.

సినిమా చూస్తూ నేను రెండు సంగతులు పట్టుకున్నాను. మొదటిది, ఆ కోర్టులో నేరం రుజువు చెయ్యాల్సిన పని ఎవరికీ లేదు. యంత్రం ముందే ఒక లెక్క వేసేసింది, నువ్వు నేరస్తుడివయ్యే అవకాశం ఇంత శాతం అని. ఇక ఆ అంకెను తగ్గించుకోవడం నీ పని. మన న్యాయంలో పోలీసు రుజువు చెయ్యాలి, ముద్దాయి ఊరికే నిలబడినా చాలు. అక్కడ అది తలకిందులైంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ కుర్చీలో కూర్చున్నవాడు డిటెక్టివ్. ఏ కెమెరా చూడాలో, ఎవరి ఫోను వెతకాలో, ఏ ప్రశ్న అడగాలో అతనికి తెలుసు. తొంభై నిమిషాల్లో ఊరంతా వెతికేస్తాడు. ఇప్పుడు అదే కుర్చీలో మన సంఘంలో టిఫిను బండి నడిపే పిన్నిని కూర్చోబెట్టండి. ఏమడుగుతుంది? "బాబూ, నేనేటి సేసినాను?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బటను ఆ యంత్రంలో లేదు.

పిన్ని అని ఊరికే అనలేదు. ఆ సంగతి చెబుతాను. ఆవిడ అనుమతి తీసుకునే చెబుతున్నాను, పేరు మాత్రం వద్దంది.

ఆవిడ పొద్దున్నే ఇడ్లీ, పూరీ వేస్తుంది. రెండేళ్ల కిందట కూతురు పట్టుబట్టి బండి మీద క్యూఆర్ కోడ్ అంటించింది. చిల్లర గొడవ తప్పింది, ఆవిడ కూడా సంతోషపడింది. ఒక రోజు ఏటీఎంకి వెళితే డబ్బు రాలేదు. బ్యాంకుకి వెళ్లింది. ఖాతా ఆపేశారన్నారు. ఎందుకంటే, ఏదో వేరే రాష్ట్రంలో సైబర్ మోసం జరిగింది, ఆ డబ్బులో కొంత నీ ఖాతాలోకి వచ్చింది అన్నారు. ఎంత? 340 రూపాయలు. ఎవరో ముఖం తెలియని కుర్రాళ్లు వచ్చి పూరీలు తిని ఫోన్‌తో కొట్టి వెళ్లిన డబ్బు. దానికి ఖాతాలో ఉన్న మొత్తం 23 వేలూ ఆగిపోయాయి. కూతురి నర్సింగ్ కోర్సు ఫీజు కోసం దాచిన డబ్బు అది.

నన్ను తోడు తీసుకుని మళ్లీ వెళ్లింది. కౌంటరులో ఉన్న అబ్బాయి మంచివాడే. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "అమ్మా, మేము ఆపలేదు, సిస్టం ఆపింది" అన్నాడు. సిస్టం ఎక్కడుంటుంది బాబూ అని ఆవిడ అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది. ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. తాలూకా ఆఫీసు ఎక్కడో తెలుసు, పోలీసు స్టేషన్ ఎక్కడో తెలుసు, సిస్టం దగ్గరికి వెళ్లి దండం పెట్టాలంటే ఏ ఆటో ఎక్కాలి?

ఇది ఎలా పనిచేస్తుందో మీరు తెలుసుకోవాలి. మోసపోయినవాళ్లు 1930 నంబరుకు ఫోన్ చేస్తే, పోయిన డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి వెళ్లిందో వరుసగా వెతికి, దారిలో ఉన్న ఖాతాలను ఆపుతారు. ఉద్దేశం మంచిదే. రిటైరైన ఒక మాస్టారి పింఛను డబ్బు దొంగ చేతికి చిక్కకుండా ఆపాలంటే నిమిషాల్లో ఆపాలి. కానీ దొంగ డబ్బు దొంగ దగ్గరే ఆగదు కదా. వాడు టీ తాగుతాడు, పూరీ తింటాడు, ఆటో ఎక్కుతాడు. వల వేసినప్పుడు పెద్ద చేప తప్పించుకుంటే, వలలో మిగిలేది మన నెత్తళ్లే. గోపాల్పూర్ నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

మేము ఉత్తరం రాశాం, ఈమెయిల్ పంపాం, ఆ ఊరి స్టేషన్‌కి ఫోన్లు చేశాం. ఎత్తినప్పుడు హిందీ, ఎత్తనప్పుడు మౌనం. 2023లో కేరళ హైకోర్టు ఒక మాట చెప్పింది. ఇలాంటి కేసుల్లో అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపాలి గానీ ఖాతా అంతటినీ స్తంభింపజేయకూడదని. ఆ సంగతి చదివి, దాన్ని ఉదహరిస్తూ మళ్లీ రాశాం. రెండు నెలల ఇరవై రోజులకు ఖాతా తెరిచారు. 340 రూపాయలు మాత్రం ఇంకా హోల్డ్‌లోనే ఉన్నాయి. ఫీజు కట్టాల్సిన తేదీ అప్పటికే దాటిపోయింది. వడ్డీకి తెచ్చి కట్టారు.

ఇప్పుడు చెప్పండి, 'మెర్సీ' కోర్టు 2029లో వస్తుందా? లాస్ ఏంజెలెస్‌లో వస్తుందా? పిన్ని విషయంలో తీర్పు ముందు వచ్చింది, విచారణ తరవాత. నిరపరాధినని నిరూపించుకోవాల్సిన భారం ఆవిడదే అయింది. కుర్చీ ఒక్కటే తక్కువ.

మిగతా రాష్ట్రాల సంగతి చూద్దాం. తెలంగాణలో 'సమగ్ర వేదిక' అని ఒక వ్యవస్థ ఉంది. ప్రభుత్వం దగ్గర ఉన్న రకరకాల జాబితాలను, అంటే వాహనాలు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు, ఇలాంటివన్నీ కలిపి, ఎవరు పేదో ఎవరు కాదో యంత్రం చేత తేల్చే పద్ధతి. 2014 నుంచి కొన్నేళ్లలో అక్కడ దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ముందు నోటీసు లేదు. రేషన్ షాపుకి వెళ్లినప్పుడే తెలిసింది. పేర్లు కలిసిపోయి, ఎవరి కారో ఇంకెవరి ఖాతాలో పడి, కారు ఎక్కని మనిషి కారు యజమాని అయిపోయిన ఉదాహరణలు బయటికి వచ్చాయి. సుప్రీంకోర్టు 2022లో మళ్లీ తనిఖీ చెయ్యమంది. తనిఖీ చేసినవాటిలో 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. అంటే తిరిగి చూసిన ప్రతి వందలో ఏడుగురికి పైగా అన్యాయంగా బియ్యం పోగొట్టుకున్నారు. మళ్లీ చూడమని అడగడమే తెలియనివాళ్లు ఈ లెక్కలో లేరు.

మెదక్‌లో 2023 మొదట్లో జరిగింది కొందరు విని ఉంటారు. గొలుసు దొంగతనం కేసులో సీసీ కెమెరాలో కనబడిన మనిషిలా ఉన్నాడని ఒక కూలి మనిషిని పోలీసులు పట్టుకున్నారు. అతను కాదని వదిలేశారు. స్టేషన్‌లో తనను కొట్టారని అతను ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పాడు. ఫిబ్రవరిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. అక్కడ పోలిక చెప్పింది యంత్రమా మనిషా అన్నది పక్కన పెట్టండి. పోలిక అనేది రుజువు కాదు. అంతే నేను చెప్పేది. ఢిల్లీ పోలీసులు ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వాడతారు. 80 శాతం కలిస్తే కలిసినట్టే లెక్క అని వాళ్లే సమాచార హక్కు కింద జవాబిచ్చారు. మా ఇంట్లో మా తమ్ముడూ నేనూ 80 శాతం కన్నా ఎక్కువే కలుస్తాం. హైదరాబాదులో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను 2021లో పోలీసులు రోడ్డు మీద ఆపి, కరోనా మాస్కు తియ్యమన్నారు, తియ్యనన్నా ఫొటో తీసుకున్నారు. ఆయన ఊరుకోలేదు. ఏ చట్టం కింద తీశారని హైకోర్టుకి వెళ్లాడు. మనలో ఎంతమంది అడుగుతాం? ఫొటో అంటే జుట్టు సర్దుకుంటాం.

అమెరికాలో అయితే ఇది శిక్ష వేసేదాకా వెళ్లింది. 'కాంపాస్' అనే ప్రోగ్రాం ఉంది. ముద్దాయి మళ్లీ నేరం చేస్తాడా లేదా అని అంకె వేసి జడ్జికి ఇస్తుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక ముద్దాయికి ఆరేళ్ల జైలు వేసినప్పుడు ఆ అంకెను కూడా చూశారు. ఆ అంకె ఎలా వచ్చిందో నాకు చెప్పండి అని అతను అడిగితే, అది కంపెనీ వ్యాపార రహస్యం అన్నారు. 2016లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్ష సరైనదేనంది. అదే ఏడాది ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ లెక్కలు తీసింది. తరవాత ఏ నేరమూ చెయ్యని నల్లజాతివాళ్లలో దాదాపు 45 శాతం మందిని ఆ ప్రోగ్రాం ప్రమాదకరమని ముద్రవేసింది. తెల్లవాళ్లలో అది 23 శాతం చిల్లర. జాతి ఏమిటని ఆ ప్రోగ్రాం ఎక్కడా అడగదు. అడగక్కర్లేదు. ఏ పేటలో ఉంటావు, మీ ఇంట్లో ఎవరన్నా జైలుకెళ్లారా అని అడిగితే చాలు. మన దేశంలో ఊరి చివర ఏ వీధి ఎవరిదో చెప్పడానికి కులం అడగాలా?

ఈ చోట ఒక పక్కమాట. మనలో చాలామంది దళిత క్రైస్తవులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే షెడ్యూల్డ్ కులం కాదు. కాగితం మీద ఒకటి, వీధిలో ఇంకొకటి. రేపు యంత్రం మనల్ని ఏ గడిలో వేస్తుంది? హక్కులు వచ్చే దగ్గర క్రైస్తవుడని, అనుమానం వచ్చే దగ్గర ఆ పేట మనిషని వేస్తుంది. దీని గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం, లేకపోతే నేను ఇక్కడే ఆగిపోతాను.

ఇంతవరకు విని మీలో లా చదువుతున్నవాళ్లు ఒకరిద్దరు మనసులో అనుకుంటూ ఉండొచ్చు. అయ్యగారూ, మనిషి జడ్జి మాత్రం గొప్పా? లంచం తీసుకోడా? కులం చూడడా? యంత్రానికి ఆకలి లేదు, బంధువులు లేరు, ఎన్నికలు లేవు. న్యాయమైన ప్రశ్న. దీనికి అమెరికా వెళ్లక్కర్లేదు. భంజనగర్ దాటి ఘాట్ ఎక్కితే చాలు.

కందమాల్. 2008లో మీలో చాలామంది చిన్నపిల్లలు, కొందరు పుట్టలేదు. పెద్దవాళ్లకి గుర్తుంటుంది, ఘాట్ దిగి బరంపురం వచ్చినవాళ్ల చేతుల్లో ఏమీ లేవు. బట్టలు కాదు, బైబిలు కాదు, భూమి పట్టా కాగితాలు కూడా కాలిపోయాయి. ఆ కేసులు ఏమయ్యాయి? 2016 ఆగస్టు 2న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులో లెక్కలున్నాయి. నమోదైన కేసులు 827. అందులో 315 కేసులు విచారణకే రాకుండా పోలీసులు మూసేశారు. విచారణ పూర్తయినవి 362. శిక్ష పడింది 78లోనే. ఇది కలవరపెట్టే సంగతి అని కోర్టే అంది, మూసేసిన కేసులు మళ్లీ పరిశీలించమంది. కాబట్టి మనుషుల న్యాయం గొప్పదని పొగడటానికి నేను ఇక్కడికి రాలేదు. ఆ భ్రమ మనకు ఘాట్ మీదే పోయింది.

కానీ ఇక్కడే ఆలోచించండి. యంత్రం న్యాయం ఎక్కడ నేర్చుకుంటుంది? ఆకాశం నుంచి దిగిన ధర్మశాస్త్రం దానికి లేదు. పాత కేసులు చదువుతుంది. పాత ఎఫ్ఐఆర్లు, పాత తీర్పులు, పాత జైలు రికార్డులు. మనం మనుషుల అన్యాయానికి విసిగి యంత్రాన్ని తెచ్చుకుంటే, అది చదువుకునే పాఠ్యపుస్తకం అదే మనుషులు రాసింది. కందమాల్ కాగితాలు దానికి ఇస్తే ఏం నేర్చుకుంటుంది? ఇల్లు కాలిందని వచ్చినవాళ్ల మాట ఎక్కువసార్లు రుజువు కాదని నేర్చుకుంటుంది. ఇలాంటి ఫిర్యాదులు మూసెయ్యొచ్చని నేర్చుకుంటుంది. భయపడి మాట మార్చిన సాక్షి, యంత్రానికి అబద్ధమాడిన సాక్షిలాగే కనబడతాడు. అసలు స్టేషన్ గుమ్మం ఎక్కలేకపోయిన విధవరాలు దానికి కనబడనే కనబడదు. నమోదు కానిది యంత్రం దృష్టిలో జరగలేదు.

మనిషి జడ్జి తప్పు చేస్తే ఒక కేసులో చేస్తాడు, ఇంకో జడ్జి దాన్ని కొట్టేస్తాడు. యంత్రం తప్పు నేర్చుకుంటే ప్రతి ఊళ్లో ఒకే తప్పు ఒకే రోజు చేస్తుంది. ఇంగ్లండులో అదే జరిగింది. అక్కడి పోస్టాఫీసుల్లో 'హొరైజన్' అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టారు. అది కృత్రిమ మేధ కూడా కాదు, మామూలు జమాఖర్చుల ప్రోగ్రాం. డబ్బు తక్కువ వచ్చిందని అది చెబితే, చిన్న చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లను దొంగలన్నారు. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. జైలుకెళ్లారు, ఇళ్లు అమ్ముకున్నారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో మన దేశం నుంచి వెళ్లిన కుటుంబాలవాళ్లు కూడా ఉన్నారు. కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తుందని అక్కడి చట్టమే ముందుగా అనుకుంటుంది. మీ ఒక్కరికే ఇలా అయిందని ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పారు. చివరికి 2024లో పార్లమెంటు ఒక చట్టం చేసి శిక్షలన్నీ కొట్టేయాల్సి వచ్చింది.

వాక్యంలోకి వద్దాం. నాబోతు కథ మీకు తెలుసు. ద్రాక్షతోట కోసం అహాబు మనసుపడ్డాడు, యెజెబెలు ఏర్పాటు చేసింది. ఆ విచారణను ఎప్పుడన్నా జాగ్రత్తగా చూశారా? పద్ధతి ప్రకారం లోపమే లేదు. ధర్మశాస్త్రం ఇద్దరు సాక్షులు కావాలంది, ఇద్దరు సాక్షులు వచ్చారు. పెద్దలు కూర్చున్నారు. ప్రజలందరి ముందు విచారణ జరిగింది. ఒక యంత్రానికి ఈ కాగితాలిస్తే సరైన తీర్పు అని ముద్ర వేస్తుంది. లోపలికి వెళ్లిన సమాచారమే అబద్ధం. ఆ అబద్ధాన్ని కనిపెట్టింది విచారణ పద్ధతి కాదు. ఏలీయా లేచి ఆ తోటలోకి నడిచి వెళ్లాడు.

ఇక ఆదికాండము 18వ అధ్యాయం. సొదొమ గొమొఱ్ఱాల గురించి మొర దేవుని దగ్గరికి వచ్చింది. ఆయన సర్వజ్ఞుడు. ఆయనకు కెమెరా అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. మన లెక్కలో చెప్పాలంటే ఆయన దగ్గర వంద శాతం సమాచారం ఉంది. అయినా ఏమన్నాడు? నేను దిగి వెళ్లి, నా దగ్గరికి వచ్చిన మొర నిజమో కాదో చూస్తానన్నాడు. సెమినరీలో చదివే రోజుల్లో ఈ వచనం నన్ను ఇబ్బంది పెట్టేది. తెలిసిన దేవుడు దిగి చూడటమేమిటి అని. పిన్నితో బ్యాంకుకి తిరిగిన తరవాత నాకు అర్థమైంది అనుకుంటున్నాను. దిగి చూడకుండా తీర్పు చెప్పే హక్కు తనకే తీసుకోలేదు ఆయన. అంతటితో ఆగలేదు, అబ్రాహాము ఎదురు నిలబడి బేరం ఆడితే విన్నాడు. యాభైమంది నుంచి పదిమంది దాకా. ఏ యంత్రంతో మీరు ఆరుసార్లు బేరమాడగలరు? మూడోసారికి సెషన్ అయిపోయిందంటుంది.

యోహాను సువార్త 7లో నీకొదేము అడిగింది కూడా ఇదే. మనిషి చెప్పేది వినకుండా మన ధర్మశాస్త్రం తీర్పు తీరుస్తుందా అని. దానికి తోటి పెద్దలు జవాబు చెప్పలేదు. నువ్వు కూడా గలిలయవాడివా అని ఎగతాళి చేశారు. అంటే ఊరు చూసి తేల్చేశారు. పేట చూసి అంకె వేసే పద్ధతి కొత్తదేమీ కాదు.

యంత్రాలంటే నాకు పగ అనుకోకండి. ఈ ప్రసంగం నోట్సు ఫోన్‌లోనే ఉంది. దేశంలో కోర్టుల్లో 5 కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. 2022 చివర లెక్క ప్రకారం జైళ్లలో ఉన్నవాళ్లలో 75.8 శాతం మంది విచారణ ఖైదీలే, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం ఇప్పటికే జైల్లో గడిపేస్తే బెయిలు మీద వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకు ఇది వర్తించదు. ఎవరికి మూడోవంతు నిండిందో లెక్కపెట్టే పని యంత్రానికివ్వండి. రోజూ పొద్దున్నే ఆ జాబితా జడ్జి బల్ల మీద పెట్టమనండి. అందులో తప్పు దొర్లినా ఎవడి ప్రాణమూ పోదు. పేదవాణ్ణి పట్టుకోవడానికి యంత్రం, వదలడానికి మాత్రం గుమాస్తా, ఇదెక్కడి పంపకం?

అనువాదానికి కూడా యంత్రం కావాలి. సుప్రీంకోర్టు 2019లో 'సువాస్' అనే అనువాద యంత్రాన్ని తెచ్చింది. తీర్పులు మన భాషల్లోకి వస్తున్నాయి. మంచిదే. కానీ బరంపురం తెలుగువాళ్లకు భాష సంగతి ఇంకోలా ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసిన నాటి నుంచి మనం ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. గోపాల్పూర్ తీరంలో చేపలు పట్టే అమ్మ కోర్టులో నిలబడి "ఆడు నన్ను ఒగ్గేసి ఎలిపోనాడు" అంటుంది. ఎవరో ఒకరు దాన్ని ఒడియాలో చెబుతారు, ఇంకొకరు ఇంగ్లిషులో రాస్తారు. కేరళలో 2025 నవంబరు నుంచి సాక్షుల వాంగ్మూలాలు యంత్రం చేత రాయిస్తున్నారు. రేపు ఇక్కడికీ వస్తుంది. టీవీ వార్తల తెలుగు నేర్చుకున్న యంత్రానికి 'ఒగ్గేసి' అంటే ఏం తెలుస్తుంది? తెలియకపోతే తెలియలేదని రాయదు, దగ్గరగా వినబడిన ఇంకో మాట రాస్తుంది. ఆ మాట మీద ఆవిడ మనోవర్తి ఆధారపడి ఉంటుంది. అందుకే, చదివి వినిపించమని అడగాలి. నేను చెప్పింది ఇదేనా అని విన్న తరవాతే సంతకం చెయ్యాలి. కోర్టుకి తోడు వెళ్లేవాళ్లు ఈ ఒక్క పని చెయ్యండి.

యంత్రం తెలియనిది కూడా తెలిసినట్టు ఎలా చెబుతుందో విజయవాడ వాళ్లను అడగండి. 2025 ఆగస్టులో అక్కడ ఒక జూనియర్ సివిల్ జడ్జి, ఆస్తి తగాదాలో ఇచ్చిన ఉత్తర్వులో నాలుగు పాత తీర్పులు ఉదహరించారు. ఆ నాలుగూ అసలు లేనే లేవు. ఏఐ కల్పించింది. హైకోర్టు దాన్ని మంచి ఉద్దేశంతో చేసిన పొరపాటుగా చూసింది. ఈ ఏడాది సుప్రీంకోర్టు మాత్రం, లేని తీర్పుల మీద ఆధారపడటం మామూలు పొరపాటు కాదు, దుష్ప్రవర్తన కిందికి వస్తుందని అంది. కేరళ హైకోర్టు 2025 జూలైలోనే జిల్లా కోర్టులకు విధానం రాసిచ్చింది. తీర్పు తేల్చడానికి ఏఐని వాడకూడదు, వాడిన చోట మనిషి సరిచూడాలి అని. మన ఒడిశాలో కూడా అలాంటిది కావాలని అడగాల్సింది ఎవరు? లా కాలేజీలో ఉన్నవాళ్లు ఆ విధానాన్ని తెచ్చి చదవండి. నాకు కూడా ఒక కాపీ ఇవ్వండి.

చివరగా పనుల సంగతి. ఖాతా ఆగిపోయినా, కార్డు రద్దయినా, పేరు జాబితాలోంచి పోయినా, మొదట కారణం రాతపూర్వకంగా అడగండి. నోటితో చెప్పింది తీసుకోకండి. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చెయ్యొచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ 1987 చట్టం కింద ఆడవాళ్లకు, పిల్లలకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయరును పెట్టాలి. ఆడవాళ్లకు అన్నాను, గమనించారా? మా పిన్నికి ఆ హక్కుందని నాకే మొదటి నెల గుర్తు రాలేదు. డిగ్రీ ఉంది, సెమినరీ ఉంది, సామాజిక కార్యకర్తనని పేరుంది. నేను కూడా సిస్టం, సిస్టం అంటూ ఆవిడతో పాటు తిరిగాను.

వచ్చే శనివారం సాయంత్రం చర్చి వరండాలో బల్ల వేసి కూర్చుంటాం. మీ వీధిలో ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్లు, క్రైస్తవులే కానక్కర్లేదు, పాస్‌బుక్కు, ఆధార్ కాపీ, వచ్చిన మెసేజి ఉంటే ఆ ఫోను తీసుకుని రమ్మనండి. ఒడియా, ఇంగ్లిషు బాగా రాయగలవాళ్లు నలుగురు కావాలి, ప్రార్థన అయ్యాక పేర్లు ఇవ్వండి. టిఫిను పిన్నే తెస్తానంది. ఆవిడ బండి మీద క్యూఆర్ కోడ్ ఇప్పుడు లేదు, డబ్బులు చిల్లరే తెచ్చుకోండి.